దేవుడి అంగళ్ల పాటలో మతం అడగవచ్చునా?

పెన్నాతీరం (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. మన జిల్లాలోని ఒక ఆలయం వారు వచ్చే ఏడాదికి అంగళ్ల వేలంపాట ప్రకటన వేశారు. ధరావతు ఎంత, పాట ఏ రోజు, హెచ్చుపాటదారు మిగతా సొమ్ము ఎప్పటిలోగా కట్టాలి అన్న షరతుల నడుమ, హిందూ మతస్థులు మాత్రమే పాటలో పాల్గొనాలని ఒక వాక్యం కనిపించింది. ఆ ఆలయం పేరు ఇక్కడ రాయను. ఆ వాక్యం అక్కడ పుట్టింది కాదు కాబట్టి, ఆ ఒక్క కార్యాలయాన్ని తప్పుపట్టడం వల్ల ప్రయోజనం లేదు.

2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 426వ నంబరు జీవో ఇచ్చింది. ఆలయాలకు చెందిన అంగళ్ల టెండర్లలోను, వేలంపాటల్లోను హిందువులు కానివారు పాల్గొనరాదన్నది అందులోని నిబంధన. శ్రీశైలంలో ఏళ్ల తరబడి అంగళ్లు నడుపుకుంటున్న ముస్లిం వ్యాపారులు దానిమీద కోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు వారి వాదనను తోసిపుచ్చింది. వారు సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఆ తీర్పు అమలు నిలిచిపోయింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా, మతం కారణంగా ఎవరినీ పాట నుంచి తప్పించరాదని, ఉన్న లీజుదారులను ఆ కారణంతో ఖాళీ చేయించరాదని చెప్పింది. అది మధ్యంతర ఉత్తర్వే అయినా, ఉత్తర్వు ఉత్తర్వే.

నేను ఈ చర్చ మొదలుపెట్టింది కోర్టు ఏమన్నదో చెప్పడానికి కాదు. నేను ఆలయానికి వెళ్లేవాణ్ణి, ముడుపు కట్టేవాణ్ణి. దేవుడి సొత్తు దేవుడికే చెందాలని నమ్మేవాణ్ణి. అయినా తిరునాళ్లలో గాజులు అమ్ముకునే మనిషిని నీ మతమేమిటని అడగడం నా మనసుకు ఎక్కడం లేదు. మీరేమనుకుంటున్నారో కారణాలతో సహా రాయండి.

మూలాపేట భక్తుడు (నెల్లూరు)

పెన్నాతీరం గారూ, మీ భక్తిని నేను శంకించను. కానీ మీరు అడిగిన ప్రశ్న సగం దగ్గర ఆగింది. ఆలయ ప్రాంగణంలోని అంగడి బజారులోని అంగడి వంటిది కాదు. ఆ స్థలాన్ని ఎవరో ఒక దాత, స్వామివారి దీపం ఆరకూడదని, నైవేద్యం తప్పకూడదని సంకల్పించి రాసి ఇచ్చాడు. ఆ స్థలం మీద వచ్చే ప్రతి రూపాయి ఆ సంకల్పానికి కట్టుబడి ఉండాలి. పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయ వీటిని అమ్మేవారికి వాటిమీద శ్రద్ధ ఉండాలని భక్తుడు కోరుకుంటే అది ద్వేషం ఎలా అవుతుంది? రాజ్యాంగం 26వ అధికరణం ప్రతి మత శాఖకూ తన మత వ్యవహారాలను తానే చూసుకునే హక్కు ఇచ్చింది.

ఇంకొక మాట కూడా రాయాలి. ఆర్థిక స్వేచ్ఛ అంటూ మాట్లాడేవారు ఆలయాల ఆర్థిక స్వేచ్ఛ గురించి ఎందుకు మాట్లాడరు? 1987 దేవాదాయ చట్టంతో అర్చకుల వంశపారంపర్య హక్కు ఒక్క కలంపోటుతో పోయింది. 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2007 సవరణతో కొంత తిరిగి వచ్చేసరికి, తరతరాలుగా గుడిని అంటిపెట్టుకుని ఉన్న ఎన్నో కుటుంబాలు వేరే బతుకుతెరువు వెతుక్కున్నాయి. ఆలయ ఆదాయంలో వాటా శాఖ ఖర్చులకు పోతుంది, ఇతర పేద ఆలయాలకు వాడే సర్వశ్రేయోనిధికి పోతుంది. కార్యనిర్వహణాధికారిని ప్రభుత్వం నియమిస్తుంది, ధర్మకర్తల మండలిలో ఎవరుండాలో అధికారంలో ఉన్న పార్టీ నిర్ణయిస్తుంది. ఇన్ని జరుగుతుంటే నోరెత్తని వారికి, అంగళ్ల దగ్గరకు వచ్చేసరికి స్వేచ్ఛ గుర్తుకు రావడం నాకు బాధ కలిగిస్తుంది.

ఒంగోలు న్యాయవాది

మూలాపేట వారు రెండు వేరు వేరు విషయాలను ఒకే ముడిలో కట్టారు. రెండింటిలోనూ బలం ఉంది కాబట్టే వాటిని విడదీయాలి.

మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి నుంచి ఈ తగాదా నడుస్తోంది. 1817లో కంపెనీ ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ ద్వారా ఆలయాల, సత్రాల మాన్యాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం కాపలా కాయడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గొడవ చేయగా, 1863 చట్టంతో ఆ బాధ్యత స్థానిక కమిటీల చేతికి వెళ్లింది. ఆ కమిటీల కింద మాన్యాలు ఎలా కరిగిపోయాయో పాత దస్తావేజులు చూసిన వారికి తెలుసు. అందుకే 1920లలో పానగల్ రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం హిందూ దేవాదాయ బోర్డును తెచ్చింది. ఆ చట్టం తెచ్చింది హిందువులే, వ్యతిరేకించిందీ హిందువులే. ప్రభుత్వం గుడిలోకి రావడానికి కారణం పరమత ద్వేషం కాదని, దేవుడి భూమిని మనవాళ్లే దిగమింగడమని ఈ చరిత్ర చెబుతోంది.

ఇక చట్టం. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఏది పూజ, ఏది ఆచారం అన్నది ఆ మతం వారే నిర్ణయించుకోవాలి, ఆస్తి నిర్వహణను మాత్రం చట్టం ద్వారా నియంత్రించవచ్చు. రాజ్యాంగం 25వ అధికరణంలోని రెండో భాగం కూడా, మతాచారంతో ముడిపడి ఉన్న ఆర్థిక, రాజకీయ, లౌకిక కార్యకలాపాలను ప్రభుత్వం నియంత్రించవచ్చని ఆ మాటల్లోనే చెబుతుంది. గర్భగుడిలో ఎవరు అభిషేకం చేయాలన్నది గీతకు ఇవతల ఉంటుంది. బొమ్మల అంగడిని ఎవరు అద్దెకు తీసుకోవాలన్నది అవతల ఉంటుంది.

పైగా ఆ నిషేధాన్ని విధించింది ఏ పీఠాధిపతీ కాదు, ఏ ఆగమ పండితుల సభా కాదు. ప్రభుత్వం జీవో ద్వారా విధించింది. ప్రభుత్వం మతం కారణంగా పౌరుల మధ్య వివక్ష చూపరాదని 15వ అధికరణం అంటుంది. ఆలయాలపై ప్రభుత్వ పెత్తనం పోవాలని ఒకవైపు అడుగుతూ, అదే ప్రభుత్వం ఇచ్చిన జీవోను మరోవైపు కవచంగా పట్టుకోవడం కుదరదు. మూలాపేట వారు ముందు ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి.

ఉదయగిరి అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది ఉదయగిరి. మా వీధిలో చాలా ఇళ్లలో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. కొండ నుంచి తెచ్చిన నర్ది, బిక్కి చెక్కను చిన్న చిన్న ముక్కలుగా కోసి, చేత్తో ఆకురాయి పట్టి, పిడి మీద పువ్వులు, లతలు తీస్తారు. ఈ పనిలో ఎక్కువమంది ముస్లిం స్త్రీలు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన కళ ఇది. కానీ గుర్తింపు పత్రం గోడకు తగిలించుకుంటే పూట గడవదు. ఎవరైనా కొనాలి, కొనేవారు గుంపుగా వచ్చేది తిరునాళ్లకు, ఉత్సవాలకు, పెద్ద ఆలయాల దగ్గరకు.

ఒక గరిటె పిడి మీద లత చెక్కడానికి మా అమ్మకు ఎంతసేపు పడుతుందో, ఆ గరిటెను తిప్పి తిప్పి చూసి పది రూపాయలు తగ్గించమని బేరమాడే అత్తలకు తెలియదు. ఆ బేరం మాకు కొత్త కాదు, కోపమూ లేదు. బేరమాడే మనిషి మమ్మల్ని మనుషులుగా చూస్తుంది. కొనకుండానే వెళ్లిపోవచ్చు, అది ఆమె ఇష్టం. కానీ ఆమె వచ్చేలోపే, గేటు దగ్గరే, నువ్వు ఇక్కడ కూర్చోకూడదని ఒక కాగితం చెబితే ఆమె ఇష్టాన్ని కూడా ఆ కాగితమే తీసుకున్నట్టు కదా. 

నెల్లూరు రొట్టెల పండుగకు మేము ప్రతి మొహర్రానికీ వెళ్తాం. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని పిలుస్తుంటే, కోరిక ఉన్నవారు అందుకుంటారు, తీరినవారు మరుసటి ఏడాది రొట్టె తెచ్చి పంచుతారు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అన్ని మతాల వారూ ఉంటారు. అక్కడ చెరువు గట్టున రొట్టెలు కాల్చి అమ్మే హిందూ స్త్రీలను మీరు ఏ మతమని ఎవరైనా అడిగితే, మొదట అడ్డం నిలబడేది మేమే.

మూలాపేట భక్తుడు (నెల్లూరు)

అమ్మా, మీ అమ్మగారి పనితనం మీద నాకు గౌరవం ఉంది. గరిటెలు అమ్ముకోవద్దని నేను అనలేదు, ఊరి వీధిలో ఎవరైనా అమ్ముకోవచ్చు. నా భయం వేరు. కొన్ని క్షేత్రాల దగ్గర అంగళ్ల ముసుగులో అన్యమత ప్రచారం జరుగుతోందని భక్తులు అనుమానపడుతున్నారు. ఆ అనుమానానికి సమాధానం ఏమిటి?

ఒంగోలు న్యాయవాది

సమాధానం చట్టంలోనే ఉంది. తిరుమలతో పాటు మరికొన్ని ఆలయాల పరిధిలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో మన రాష్ట్రం చట్టం చేసింది. ప్రచారం చేసినవారిపై కేసు పెట్టవచ్చు, లీజు షరతుల్లో ఆ మాట రాసి, ఉల్లంఘిస్తే రద్దు చేయవచ్చు. చేసిన పనికి శిక్ష వేయడం న్యాయం. చేస్తాడేమోనని ఒక మతం వారందరికీ ముందే శిక్ష వేయడాన్ని ఏ న్యాయశాస్త్రమూ ఒప్పుకోదు.

కలిగిరి రోడ్డు (కావలి)

పాటలో ఆంక్షలు అనగానే మా తరం నెల్లూరు ఆడవాళ్లకు మరొక పాట గుర్తుకు వస్తుంది. సారా పాట. ఈ జిల్లాలో పుట్టి ఆ ఉద్యమాన్ని మరచిపోయి వ్యాపార స్వేచ్ఛ గురించి మాట్లాడుకోవడం సరికాదు.

దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే రాత్రిబడికి వచ్చిన స్త్రీలు, తమ కూలి డబ్బు ఏ దుకాణానికి పోతోందో మాట్లాడుకుని, ఆ దుకాణాన్ని ఊళ్లో లేకుండా చేశారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. 1992లో జిల్లాలో సారా దుకాణాల వేలంపాట జరగకుండా వేలమంది స్త్రీలు అడ్డుపడగా, పాట మళ్లీ మళ్లీ వాయిదా పడింది. సారా కాంట్రాక్టర్లకు ఆనాటి రాజకీయాల్లో ఉన్న పలుకుబడి తెలిసినవారికి అది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. 1993 ఏప్రిల్ 15 నుంచి మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో ఖజానా పేరుతో పోయింది.

ఆ స్త్రీలు వ్యాపారాన్ని ఆపారు. వారిని స్వేచ్ఛకు శత్రువులని నేను అనను, అననివ్వను. ఎందుకంటే వారు అమ్మే సరుకును చూశారు, అది ఇంట్లోని గిన్నెను, పిల్లవాడి పలకను ఏం చేస్తోందో చూశారు. కాంట్రాక్టరు ఏ కులం, ఏ మతం అని ఒక్కరూ అడగలేదు. తమ కులంవాడు అమ్మినా పాకెట్లు చించి పారబోశారు. ఆలయం చుట్టూ మద్యం, మాంసం, జూదం ఉండకూడదంటే నేను ముందు వరుసలో నిలబడతాను. సరుకు మీద ఆంక్షకు కారణం చూపించవచ్చు. అమ్మే మనిషి పుట్టుక మీద ఆంక్షకు ఏ కారణం చూపిస్తారు?

గుండ్లకమ్మ (ప్రకాశం జిల్లా)

చర్చ హిందూ ముస్లిం అనే రెండు మాటల మధ్యే తిరుగుతోంది. మా ఇళ్లలో ఈ ప్రశ్న వేరే దారిలో వచ్చింది.

ధాత, ఈశ్వర నామ సంవత్సరాల కరువు గురించి మా ముత్తాతల నుంచి విన్నాం. 1876 నుంచి 1878 వరకు ఒంగోలు ప్రాంతం ఎండిపోయినప్పుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి కూలి ఇచ్చారు. కరువు పని సాగినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. పని ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దీనిని కొందరు ప్రలోభమని అంటారు, కొందరు అద్భుతమని అంటారు. మా పెద్దలు చెప్పింది వేరు. మాదిగపల్లె నుంచి చేరినవారికి మిషను పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడూ పల్లెటూరి వెట్టి వ్యవస్థకు తగిలాయి. ఆదివారం పనికి రానంటే ఆసామి మీద తిరగబడినట్టే. మొక్కనివాడు జాతరలో డప్పు కొట్టడు, అంటే ఊరి పండుగకు ఉచిత చాకిరీ పోయినట్టే. ఊళ్లవారు బావులు మూసేశారు, కూలికి పిలవడం మానేశారు. మతం మారడం వారికి పరలోకం గురించిన మాటే అయినా, ఇహలోకంలో వారానికి ఒక రోజు తమ ఒళ్లు తమదని చెప్పగలగడం కూడా దానిలో కలిసే ఉంది. ఆర్థిక స్వేచ్ఛ అనే మాట మాకు పుస్తకాల్లో దొరకలేదు, ఆ ఆదివారంలో దొరికింది.

ఆ తర్వాత స్వతంత్ర దేశం ఏం చేసిందో చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణి, ముస్లిమును చేర్చలేదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే మనిషి, తోటి చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకును తనకూ ఇవ్వమని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. క్రైస్తవుడైనందుకు ఆయనకు బంకు రాలేదు. 1985లో కోర్టు ఆయన పిటిషన్ కొట్టివేసింది. అదే పేవ్‌మెంటు, అదే ఆరె, అదే తోలు. శ్రీశైలం అంగళ్ల గురించి బాధపడే మిత్రులు ఆ బంకు గురించి కూడా బాధపడాలని నా విన్నపం. మా రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. అందుకే ఎన్నో కుటుంబాలు ఆదివారం ఒక మతంలో, కాగితం మీద మరో మతంలో బతుకుతున్నాయి. ఆ అబద్ధాన్ని వారు కోరుకోలేదు. నిజం చెబితే ఉద్యోగం, స్థలం, స్కాలర్‌షిప్ పోతాయని చట్టం వారికి నేర్పింది.

ట్రంకురోడ్డు వ్యాపారి (నెల్లూరు)

గుండ్లకమ్మ గారు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నాకు తెలిసిన విషయం పాట, కాబట్టి పాట గురించే రాస్తాను. ఇక్కడ పాల్గొన్నవారెవరూ పాట ఎలా జరుగుతుందో చెప్పలేదు.

ఆలయాల దగ్గర అద్దెకు ఇచ్చే అంగళ్లు వేరు, పాటకు పెట్టే హక్కులు వేరు. కొబ్బరికాయలు అమ్మే హక్కు, పూజాసామగ్రి హక్కు, తలనీలాలు పోగుచేసుకునే హక్కు, చెప్పులు భద్రపరిచే హక్కు, వాహనాలు నిలిపే హక్కు, ఇలా ఒక్కొక్కటి పాడతారు. ధరావతు కట్టినవారిని కూర్చోబెట్టి అధికారి సర్కారు పాట, అంటే పాట మొదలయ్యే ధర, చెబుతాడు. అక్కడి నుంచి ఒకరి మీద ఒకరు పెంచుతారు. మూడోసారి కొట్టాక హెచ్చుపాటదారుకు ఆ ఏడాదంతా ఆ హక్కు ఒక్కడిదే. బయట 30 రూపాయలకు దొరికే కాయను ప్రాంగణంలో 50 రూపాయలకు అమ్మారనుకోండి, భక్తుడు చేయగలిగింది ఏమీ లేదు. ఆ అదనపు 20 రూపాయలు దేవుడికి ఇచ్చిన కానుక అని ఎవరికీ తోచదు, రసీదు రాదు, హుండీలో పడదు. పాటలో కట్టిన సొమ్మును పాటదారు రాబట్టుకోవాలి కదా. పాట ఎంత పెరిగితే కాయ ధర అంత పెరుగుతుంది, ఆలయ ఆదాయం పెరిగిందని పత్రికలో వార్త వస్తుంది.

నిజానికి అక్కడ పోటీ లేదు. పోటీ పాట రోజు ఒక్క గంట మాత్రమే ఉంటుంది, మిగతా ఏడాదంతా గుత్తాధిపత్యమే. ఆ గంటలో కూడా పాటదారులు ముందే కూడబలుక్కుని వస్తే, దేవుడికి రావలసినది రాదు, భక్తుడికి తగ్గవలసినది తగ్గదు. ఆ గంటలో పాల్గొనేవారి సంఖ్యను మతం పేరుతో తగ్గిస్తే లాభపడేది ఎవరు? స్వామివారు కాదు, భక్తుడు కాదు. కూడబలుక్కునే ఆ నలుగురే.

బినామీ సంగతి కూడా చెప్పాలి. హిందువులకే అని షరతు పెట్టిన చోట, పాట ఒకరి పేరు మీద, కూర్చునేది మరొకరు. పేరు అరువిచ్చిన మనిషి ఏడాదికి కొంత పుచ్చుకుని ఇంట్లో ఉంటాడు. ఎండలో కూర్చునే మనిషి అద్దెకు తోడు ఆ పేరుకు కూడా అద్దె కడతాడు. చట్టప్రకారం అతను అక్కడ లేడు కాబట్టి అతన్ని ఎవరైనా ఎప్పుడైనా లేపవచ్చు, కాస్త చేతులు తడపమని అడగవచ్చు. అలాంటి షరతు మతాన్ని కాపాడదు. ఒక పేదవాణ్ణి నలుగురి చేతికింద పెడుతుంది.

మూలాపేట భక్తుడు (నెల్లూరు)

వ్యాపారి గారి లెక్క నాకు నచ్చింది. కొబ్బరికాయ ధర గురించి నేనూ ఎన్నోసార్లు కార్యాలయంలో అడిగాను, సమాధానం రాలేదు. అయితే ముస్లింలు దైవకార్యాలకు రాసి ఇచ్చిన వక్ఫ్ ఆస్తుల మాటేమిటి? అక్కడ ఈ సమానత్వం ఎవరైనా అడుగుతున్నారా?

దర్గామిట్ట వాసి (నెల్లూరు)

అడిగారు కాబట్టి రాస్తున్నాను. వక్ఫ్ కాంప్లెక్సుల్లోను, దర్గాల చుట్టూ ఉన్న అంగళ్లలోను హిందూ వ్యాపారులు అద్దెకు ఉన్నారు, ఉండాలి కూడా. నేను చూసినంతలో కసుమూరులోను, ఏఎస్ పేటలోను పూలు, చక్కెర, చాదర్లు అమ్మేవారిలో అన్ని మతాల వారూ ఉన్నారు. మా వాళ్లలో కూడా వక్ఫ్ భూమిని కారుచవకగా లీజుకు ఇచ్చి సొంత సంచి నింపుకున్న ముతవల్లీలు (వక్ఫ్ నిర్వాహకులు) ఉన్నారు, వారి విషయంలో నాకు దయ లేదు. దేవుడి భూమిని తినేవాడికి మతం ఉండదు.

కానీ 2025 వక్ఫ్ సవరణ చట్టం గురించి ఒక మాట. అయిదేళ్లుగా ఇస్లాంను పాటిస్తున్నట్టు చూపితేనే ఆస్తిని వక్ఫ్ చేయవచ్చని అందులో రాశారు. నా సొంత ఆస్తిని నేను దానం చేయడానికి నా భక్తికి సర్టిఫికెట్ ఎవరివ్వాలి? 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను నిలిపివేసింది. బోర్డుల్లో ముస్లిమేతరులను చేర్చే నిబంధనను పూర్తిగా ఆపలేదు కానీ, రాష్ట్ర బోర్డులో ముగ్గురిని, కేంద్ర కౌన్సిల్‌లో నలుగురిని మించరాదని పరిమితి పెట్టింది. ఇక్కడ నేను మూలాపేట వారి పక్కనే నిలబడతాను. గుడి నిర్వహణలో ఆ భక్తులే ఉండాలని ఆయన అనడం న్యాయమైతే, మసీదు మాన్యం గురించి నేను అనడమూ న్యాయమే. నిర్వహణ ఒక విషయం, అంగడి అద్దె మరో విషయం. మొదటిదానిలో విశ్వాసం అడగవచ్చు, రెండోదానిలో అద్దె సకాలంలో కడతాడా అని అడిగితే చాలు.

ఇలాంటి ఆంక్ష ఒకచోట మొదలైతే ఆగదు. 2022 మార్చిలో కోస్తా కర్ణాటకలో అక్కడి 2002 నాటి నిబంధనను చూపించి ఆలయ జాతరల్లో ముస్లిం వ్యాపారులను రానివ్వలేదు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని హోటళ్ల యజమానులు పేర్లు రాసిపెట్టాలన్నారు, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మొదట ప్రాంగణం, తర్వాత వీధి, ఆ తర్వాత దారంతా.

కందుకూరు మాస్టారు

రాజకీయం గురించి ఎవరూ పేరు పెట్టి మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. గత ప్రభుత్వం పాస్టర్లకు 5,000, ఇమాములకు 10,000, నమాజుకు పిలుపునిచ్చే మౌజన్లకు 5,000 రూపాయలు నెలకు గౌరవవేతనం ఇచ్చింది. ధూపదీప నైవేద్య పథకం కింద చిన్న ఆలయాలకు ఇచ్చే 5,000ను ఇప్పటి ప్రభుత్వం 2024లో 10,000 చేసింది. ఆ సొమ్ముతో బతుకు వెళ్లదీస్తున్న పేద అర్చకుడు, పేద పాస్టరు, పేద ఇమాము నాకు తెలుసు, వారి నోటి దగ్గర కూడు తీయమని అనను. అయితే ఏ ఒక్క మత పోషణకూ ఉద్దేశించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని 27వ అధికరణం ఎందుకు రాసుకున్నామో ఆలోచించాలి. జీతం ఇచ్చే చెయ్యి ప్రసంగాన్ని కూడా రాసి ఇవ్వగలదు. పూజారిని, పాదిరిని, మౌల్వీని సర్కారు సొమ్ము మీద ఆధారపడేలా చేసిన తరువాత, ఎన్నికలప్పుడు వారు ఏ మాట మాట్లాడతారో, ఏ మాట మాట్లాడకుండా ఉంటారో మనం చూస్తూనే ఉన్నాం.

మాలకొండ నరసింహస్వామి గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఆ ఒక్క రోజు అంగడి మీద వారమంతా బతికే కుటుంబాలు ఆ దారిలో ఉన్నాయి. వారికి కావలసింది గౌరవవేతనం కాదు, నీడ ఉన్న ఒక చోటు, మారని అద్దె, రసీదు.

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. మన చర్చ మాటలతో ఆగకూడదని, దేవాదాయ శాఖ జిల్లా అధికారులకు ఒక విజ్ఞాపన పంపాలని నా కోరిక. ముసాయిదాను ఇక్కడ పెడుతున్నాను.

మొదటగా, ఏ వస్తువునూ అమ్మే హక్కును ఒక్కరికే కట్టబెట్టకుండా, కొబ్బరికాయలకు, పూజాసామగ్రికి కనీసం కొన్ని అంగళ్లు విడివిడిగా పాడాలని, గరిష్ఠ ధరల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలని అడుగుదాం. రెండోది, ప్రాంగణంలో అమ్మకూడని వస్తువులను, చేయకూడని పనులను, అన్యమత ప్రచారంతో సహా, లీజు షరతుల్లో స్పష్టంగా రాసి, ఉల్లంఘించినవారి లీజును వారి మతంతో నిమిత్తం లేకుండా రద్దు చేయాలి. మూడోది, సుప్రీంకోర్టు 2021 ఉత్తర్వుకు లోబడి పాట ప్రకటనల నుంచి మతం షరతును తొలగించాలి. పూజలో నేరుగా వాడే ప్రసాదం తయారీ, అర్చన, అన్నదాన వంటశాల వంటి పనులు దీనిలోకి రావని కూడా రాద్దాం, దర్గామిట్ట వారు చెప్పిన తేడా అదే. గుండ్లకమ్మ గారు ఎత్తిన విషయం ఈ శాఖ పరిధిలోది కాదు, కేంద్రానికి వేరుగా రాయాలి, దానికి నేను సిద్ధం.

ఒంగోలు న్యాయవాది

మూడో అంశంలో జీవో నంబరును, ఉత్తర్వు తేదీని పేర్కొనండి, లేకపోతే ఫైలు కదలదు. సమాచార హక్కు చట్టం కింద గత మూడేళ్ల పాటల వివరాలు కూడా అడగండి. ఎవరు ఎంతకు పాడారో, ఎంతమంది పాల్గొన్నారో తేలితే, వ్యాపారి గారు చెప్పిన కూడబలుకుడు లెక్కల్లోనే కనిపిస్తుంది.

గుండ్లకమ్మ (ప్రకాశం జిల్లా)

కేంద్రానికి రాసే విజ్ఞాపన ముసాయిదా నేను తయారుచేస్తాను. దీనిమీద కూడా సంతకం చేస్తాను.

మూలాపేట భక్తుడు (నెల్లూరు)

మొదటి రెండు అంశాల మీద నాకు అభ్యంతరం లేదు. ధరల పట్టిక విషయంలో పది మంది భక్తుల సంతకాలు నేనే తెస్తాను. మూడో అంశాన్ని నేను ఒప్పుకోను. ప్రభుత్వం ఆలయాల నుంచి తప్పుకోవాలని, ఆ తరువాత ఈ ప్రశ్నను భక్తులే తేల్చుకోవాలని నా నమ్మకం. న్యాయవాది గారు రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నారు, నేను జీవోను వదులుకుని ఆలయ స్వేచ్ఛను ఎంచుకుంటున్నాను. ఆ మాటను నా భిన్నాభిప్రాయంగా విజ్ఞాపన చివర చేరిస్తే, నా సంతకం దాని కింద ఉంటుంది. సోమవారం పదకొండు గంటలకు కార్యాలయానికి వెళ్లేటట్లయితే నేనూ వస్తాను.